పోలీసుల టెన్షన్‌కూ బడ్జెట్‌లో పద్దు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో పోలీసులకు వీక్లీ ఆఫ్ ప్రకటించారు, సంతోషమే, కానీ వరసగా బందోబస్తులు పడితే ఆ సెలవు ఏమవుతుందో ఏ కానిస్టేబుల్‌ని అడిగినా చెబుతాడు. రాత్రంతా హైవే మీద యాక్సిడెంట్ శవానికి కాపలా కాసి, పంచనామా అయ్యాక, పొద్దున్నే మంత్రిగారి కాన్వాయ్ కోసం ఎండలో నిలబడే మనిషికి నిద్రెప్పుడు? వాహనాలకు, సీసీ కెమెరాలకు ఇచ్చినట్టే జిల్లాకో సైకాలజిస్టు జీతానికీ విడిగా నిధులివ్వాలి. 2022 నుంచి టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉందిగా అంటారేమో. ఉంది, మంచిదే. కానీ ఫోన్ చేసిన సంగతి పైఅధికారి చెవిన పడి రివాల్వర్ తీసేసుకుంటారేమో, ప్రమోషన్ ఆగుతుందేమో అని బెదిరేవాడు ఎందుకు చేస్తాడు? అందుకే ఆ సైకాలజిస్టు ఎస్పీ చేతికింద కాదు, వైద్యశాఖ కింద ఉండాలి. హోంగార్డులకూ ఇది వర్తింపజేయాలి.

– ఒక పాఠకుడు, ఏలూరు