ప్రమాదాలపై పరిశోధించే విద్యార్థులకు రికార్డులు ఇవ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. మళ్లీ 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున, అదే 44వ నంబరు జాతీయ రహదారి మీద, కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు ప్రాణాలతో బయటపడలేకపోయారు. రెండుసార్లూ కేసులు పెట్టారు, పరిహారం ప్రకటించారు, కొన్నాళ్లు బస్సులు ఆపి తనిఖీలు చేశారు.

మంట ఎన్ని నిమిషాల్లో బెర్తుల దాకా వచ్చింది? తలుపు తెరుచుకుందా, లేదా? నిద్రలో ఉన్న మనిషి చీకట్లో, పొగలో అద్దం పగలగొట్టే సుత్తి కోసం ఎక్కడ వెతుక్కోవాలి? వీటికి జవాబులు ఛార్జిషీటులో వెతికితే దొరకవు. నేరం ఎవరిదో తేల్చడమే దాని పని. మరో బస్సు అలా కాలకుండా ఏం చేయాలో చెప్పడానికి వేరే చదువు కావాలి, వేరే మనుషులు కావాలి.

విమానాలకు ఆ ఏర్పాటు ఉంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలితే, విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ నెల తిరిగేసరికి ప్రాథమిక నివేదికను ప్రజల ముందు పెట్టింది. అందులో చెప్పినదాని మీద ఎంత వాదన జరిగినా, చదవడానికి ఒక కాగితమంటూ ఉంది. రైలు ప్రమాదాలను విచారించే సేఫ్టీ కమిషనర్ కూడా రైల్వే శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. తప్పు ఏ శాఖదో ఆ శాఖే తేల్చుకోకూడదని ఆ ఏర్పాటు చేశారు. 2023లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.72 లక్షల మందికి పైగా చనిపోయారు. రోడ్లకు మాత్రం అలాంటి స్వతంత్ర దర్యాప్తు సంస్థ లేదు.

నేను సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడిగా ట్రాన్స్‌పోర్టేషన్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మన ఎంటెక్ కోర్సుల్లో ప్రమాద పరిశోధన సాధారణంగా ట్రాఫిక్ ఇంజినీరింగ్‌లో ఒక యూనిట్‌గానే ఉంటుంది. ఆసక్తి ఉన్న పిల్లలు దాన్నే ప్రాజెక్టుగా తీసుకుంటే వాళ్లు పడే అవస్థ నేను దగ్గర్నుంచి చూశాను. విషయం తెలిసి రోడ్డు దగ్గరికి వెళ్లేసరికి క్రేన్ లారీని పక్కకు లాగేసి ఉంటుంది, గాజుపెంకులు ఊడ్చేసి ఉంటాయి, బ్రేకు వేసిన టైరు గుర్తుల మీద వందల బండ్లు తిరిగేసి ఉంటాయి. ఇక మిగిలేది స్టేషన్‌లోని కాగితాలే. ఒక విద్యార్థి వాటి కోసం నెలల తరబడి తిరిగితే చివరికి చేతికొచ్చింది ఎఫ్ఐఆర్ నకలు, రఫ్ స్కెచ్. స్కెచ్‌లో రోడ్డుంది, చెట్టుంది, లారీ ఉంది, కొలతలు మాత్రం ఒక్కటీ లేవు. మలుపు ఎంత వంపు తిరిగిందో, లారీ ఎంత దూరం జారిందో అందులోంచి ఎలా తేలుస్తాడు? ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టులో చాలాసార్లు కనిపించేది ఒకటే వాక్యం: యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరగలేదు. ఎఫ్ఐఆర్‌లో మరొకటి: డ్రైవర్ అతివేగం, అజాగ్రత్త. ఆ డ్రైవర్ ఎన్ని గంటలుగా నిద్ర లేకుండా నడుపుతున్నాడన్నది రాయడానికి ఎవరికీ తీరిక లేదు. ఆ అబ్బాయి చివరికి విసిగిపోయి తారు మిశ్రమాల మీద ప్రాజెక్టు చేసుకున్నాడు. అతణ్ని తప్పుపట్టలేను.

జర్మనీలో హానోవర్ వైద్య విశ్వవిద్యాలయం, డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయాలతో కలిసి 1999 నుంచి ఒక ప్రాజెక్టు నడుస్తోంది. ప్రమాదం జరిగిందన్న కబురు అందగానే బృందాలు అక్కడికి చేరుకుంటాయి. గాయం ఎక్కడ తగిలిందో, అది బండిలోని ఏ భాగం వల్ల తగిలిందో జతచేసి రాస్తారు. ఏడాదికి దాదాపు 2,000 ప్రమాదాలను ఇలా చదువుతారు. బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో ప్రమాద దర్యాప్తు మీద ఏకంగా పీజీ కోర్సే ఉంది. మన దగ్గర ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాసుల్లో రోడ్డు భద్రత మీద మంచి కృషి జరుగుతోంది. ఇప్పుడు పోలీసులు ప్రమాద వివరాలు నమోదు చేస్తున్న ఈ-డార్ వ్యవస్థ ఐఐటీ మద్రాసు సాయంతో తయారైనదే. అక్కడ సాధ్యమైనది వరంగల్ నిట్‌లోనో, కాకినాడ జేఎన్‌టీయూలోనో ఎందుకు సాధ్యం కాదు?

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ప్రమాద కారణాలను లోతుగా అధ్యయనం చేసే పథకాలు పెట్టుకునే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 135వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు ఎప్పుడో ఇచ్చింది. దాని కింద రెండు తెలుగు రాష్ట్రాలూ జిల్లాకో అధ్యయన బృందం వేయాలి. పోలీసు, ఎంవీఐ, ఆర్ అండ్ బీ ఇంజినీరు, ఫోరెన్సిక్ డాక్టరుతో పాటు దగ్గరలోని కాలేజీ పీజీ విద్యార్థులనూ అందులో చేర్చాలి. ఆ బృందం రాసేది కోర్టు కేసుకు సాక్ష్యంగా వాడబోమని ముందే చెప్పాలి. లేకపోతే ఏ డ్రైవరూ, ఏ ఇంజినీరూ ఉన్నది ఉన్నట్టు చెప్పడు.

బృందాలు ఏర్పడేలోగా ఒక్క పని వెంటనే చేయవచ్చు. ఎఫ్ఐఆర్, ఎంవీఐ రిపోర్టు, పోస్టుమార్టం రిపోర్టుల్లో పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు తీసేసి, గైడ్ సంతకంతో వచ్చిన దరఖాస్తుకు ఇవ్వాలని డీజీపీలు, రవాణా కమిషనర్లు, వైద్యశాఖ అధికారులు ఉత్తర్వు ఇవ్వాలి. అనుమతి కూడా నెలలోపే రావాలి. ఎంటెక్ ప్రాజెక్టుకు ఆ పిల్లల చేతిలో ఉండేది ఏడాదే.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
హనుమకొండ