మా కొట్లో లూజు డాగ్ ఫుడ్ ఇక ఉండదు

భీమవరంలో మా కొట్టుకు వచ్చేవాళ్లకి, ఆకివీడు, వీరవాసరం, ఉండి ఊళ్ల నుంచి పని కట్టుకుని వచ్చేవాళ్లకి రాస్తున్నాను. గల్లా పక్కన ఉండే రెండు పెద్ద డబ్బాలు ఎందుకు ఖాళీగా ఉన్నాయని మూడు వారాలుగా అందరూ అడుగుతున్నారు. స్టాకు రాలేదని చెప్పి పంపించాను. అది నిజం కాదు. స్టాకు వచ్చింది. నేనే తిప్పి పంపాను. ఆ రోజుల్లో అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఆగస్టులో ముసురు పట్టిన రోజుల్లో మన మాస్టారు ఒకరు చిన్న సంచి పట్టుకుని వచ్చారు. ఆయన లాబ్రడార్‌కి తొమ్మిదేళ్లు. "అమ్మాయ్, మావాడు రెండు రోజుల నుంచి దీనికి మూతి పెట్టడం లేదు. ఒకసారి వాసన చూడు" అన్నారు. చూశాను. పాత నూనె కనరు వాసన, దాని వెనకాల ముక్కిపోయిన బియ్యం వాసన. డబ్బా మొత్తం నేల మీద తిరగేశాను. అడుగున గింజలు ముద్దలు కట్టి ఉన్నాయి, వాటిలో పురుగు ఉంది.

గోడౌనులో అదే లాటువి ఇంకా ఐదు బస్తాలున్నాయి. కంపెనీలో కుట్టిన బస్తాకి ఒక చివర దారం పట్టి లాగితే కుట్టంతా సర్రున ఊడి వస్తుంది. వీటిలో మూడింటికి దబ్బనంతో, గోనె దారంతో చేత్తో కుట్టారు. తేదీ ఉన్న స్టిక్కరు గోరుతో గీకితే కింద ఇంకో స్టిక్కరు. కింది దాని ప్రకారం ఆ సరుకు గడువు ఏప్రిల్‌లోనే అయిపోయింది.

ఈ బస్తాలు పంపిన డిపో వాళ్ల దగ్గర ఆరేళ్లుగా కొంటున్నాను. ఒక్కసారి కూడా డబ్బు ఆలస్యం చేయలేదు. ఫోన్ చేస్తే, "లారీ తడిసింది మేడమ్, సంచులు మార్చాం, సరుకు మంచిదే. ఒక పూట ఎండలో పెట్టండి, వాసన పోతుంది" అన్నారు. ఎండలో పెడితే వాసన పోతుందట! మరి తేదీ ఎందుకు మార్చారంటే జవాబు లేదు. పైగా, మిగతా కొట్ల వాళ్లెవరూ అడగలేదు, మీరొక్కరే గొడవ చేస్తున్నారన్నారు. బదులుగా నాలుగు బస్తాలు పంపారు. వాటిలో రెండింటికి మళ్లీ దబ్బనం కుట్టే. ఆటో దింపనివ్వకుండా వెనక్కి పంపాను. నేను అడ్వాన్సుగా కట్టిన 38,000 రూపాయలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. తర్వాతి సరుకులో సర్దుతామంటున్నారు. వాళ్ల సరుకు నాకు వద్దు. ఆ డబ్బు రాకపోయినా సరే, వాళ్ల బస్తా ఇంకొకటి మా గడప దాటదు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. ఆ బస్తాలు దిగిన రోజే ఆ కుట్టు నా కంట పడింది. వాన పడుతోంది, ఆటో అతను తొందర పెడుతున్నాడు, సంతకం పెట్టేశాను. ఆ రోజు ఒక్క దారం లాగి చూసి ఉంటే మాస్టారి కుక్కకి సెలైన్ ఎక్కించే పని ఉండేది కాదేమో. రక్తపరీక్షలో లివర్ కొంచెం దెబ్బతిన్నట్టు వచ్చింది. మేత వల్లే అని ఖాయంగా చెప్పలేం గానీ అది మళ్లీ పెట్టొద్దు అని డాక్టరు గారు చెప్పారు. ఇప్పుడు ఆ కుక్క బాగానే తింటోంది.

తడిసిన మేత గురించి నేనెందుకు ఇంత భయపడుతున్నానో కోళ్ల ఫారాలు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మొక్కజొన్నకి, వేరుశనగ చెక్కకి తేమ తగిలితే ఒక రకం బూజు పడుతుంది. అది వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాకే ఈ విషం సంగతి బయటపడింది. వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఉందది. ఎండబెట్టినా, ఇంట్లో ఉడకబెట్టినా పూర్తిగా పోదు. కుక్కకి మొదట లివర్ని పట్టుకుంటుంది. తిండి మానేయడం, వాంతులు, నీరసం, తర్వాత కళ్లు, చిగుళ్లు పసుపెక్కడం. అలాంటిది కనిపిస్తే నా దగ్గరికి కాదు, ముందు పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ బస్తాలు ల్యాబ్‌కి పంపలేదు. తేమ, పురుగు, మార్చిన తేదీ, ఈ మూడూ నాకు చాలు.

ఆగస్టు 5 నుంచి 19 లోపు లూజు కొన్నవాళ్లు మిగిలింది తెచ్చి ఇచ్చి మొత్తం డబ్బు తీసుకోండి. మిగల్లేదన్నా ఇస్తాను. దాన్ని వీధి కుక్కలకి, కోళ్లకి వేయొద్దు, చేపల చెరువులో కూడా పోయొద్దు.

ఈలోగా ఒక వాట్సాప్ గ్రూపులో, నేను డాగ్ ఫుడ్‌లో రొయ్యల మేత కలిపి అమ్ముతున్నానని ఎవరో పెట్టారు. మా నాన్న ఇదే కొట్లో 22 ఏళ్లు రొయ్యల మేత అమ్మారు. పంట పోయిన రైతుకి కూడా అప్పు మీద బస్తా ఇచ్చిన మనిషి. 2019లో నేను కొట్టు తీసుకున్నప్పటి నుంచి రొయ్యల మేత ఒక్క కిలో కూడా లోపలికి రాలేదు. పాడైన సరుకు అమ్మానంటే తల వంచుకుంటాను, అది జరిగింది. కల్తీ చేశానంటే మాత్రం ఒప్పుకోను. ఆ మాట పెట్టిన ఆయన ఏ రోజైనా వచ్చి గోడౌను తాళం తనే తీసి చూసుకోవచ్చు.

ఇక లూజు సంగతి. దీని గురించి పది రోజులు నిద్ర లేదు. మా అమ్మకాల్లో దాదాపు సగం లూజే. వేరే డిపో నుంచి మంచి బస్తా తెచ్చి అమ్ముకోవచ్చు కదా అని మా అమ్మ కూడా అంది. ఆటో నడిపేవాళ్లు, రోజూ వీధిలో నాలుగు కుక్కలకి పెట్టే మన టైలరమ్మ, వీళ్లంతా అరకిలో, కిలో లెక్కన కొనేవాళ్లే. లూజు కిలో 160కి ఇచ్చేదాన్ని. సీలు ప్యాకెట్టయితే కిలో 230 పడుతుంది. ఆ 70 రూపాయల తేడా ఎవరి మీద పడుతుందో నాకు తెలుసు. లెక్క వేసిన ప్రతిసారీ టైలరమ్మ ముఖమే కళ్ల ముందుకొచ్చింది.

అయినా మానేశాను. గింజల మీద పైపూతగా కొవ్వు ఉంటుంది. బస్తా విప్పితే దానికి గాలి తగిలి కనరెక్కుతుంది, విటమిన్లు తగ్గిపోతాయి. చల్లగా, పొడిగా ఉంచమని ప్యాకెట్ మీద రాస్తారు. మన దగ్గర మే నెలలో చల్లదనం ఎక్కడ, ఆగస్టులో పొడి ఎక్కడ? పైగా డబ్బాలో పోసిన మేతకి తేదీ ఉండదు. నా మాట నమ్మి కొనాలి. ఇన్నాళ్లూ నా మాట నమ్మారు, నేను డిపో వాళ్ల మాట నమ్మాను. ఇక నుంచి కిలో, మూడు కిలోల సీలు ప్యాకెట్లే. మూడు కిలోల దాని మీద నా లాభం సగం తగ్గించుకున్నాను. ఇంటికెళ్లాక డబ్బాలో పోయకుండా ప్యాకెట్టునే మూతి మడిచి డబ్బాలో పెట్టండి. విప్పిన ఆరు వారాల్లోపు అయిపోవాలి.

ప్యాకెట్టు కొనలేని వాళ్లు ఇంట్లో వండి పెట్టండి, నా దగ్గర కొనకపోయినా ఏమీ అనుకోను. నూకల అన్నం పెడితే తప్పేం లేదు. అన్నం అరిగించుకునే జన్యువు కాపీలు తోడేలు కంటే కుక్కకి చాలా ఎక్కువని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. కానీ ఉత్త పెరుగన్నంతో కుక్క బతకదు. ఎముక తీసిన చికెన్, గుడ్డు, ఉడికించిన గుమ్మడికాయ కలపండి. రాగండి, బొచ్చె లాంటి చెరువు చేప పెడితే బాగా ఉడికించి, ముళ్లు తీసి పెట్టండి. ఇలాంటి చేపలు పచ్చివి పెడితే బి1 విటమిన్ పోతుంది. ఎండుచేప వద్దు, అంతా ఉప్పే. పులుసులో ముక్క కడిగి పెడుతున్నామని చాలామంది అంటారు, వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాలని పాడు చేస్తాయి, కడిగితే పోవు. ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది.

అన్నం, మాంసం ఎంత పెట్టినా కాల్షియం చాలదు, కుక్క పిల్లలకి కాళ్లు వంకర పోతాయి. అలాగని సిరప్పు మీ ఇష్టానికి పోయొద్దు. లాబ్రడార్ లాంటి పెద్ద జాతి పిల్లలకి ఎక్కువైనా ఎముకలు పాడవుతాయి. ఎంత వేయాలో డాక్టరునే అడగండి. మేత మార్చేటప్పుడు వారం పట్టించండి, పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ.

కొత్త సరుకు ఇంకో డిపో నుంచి వస్తోంది. ప్రతి అట్టపెట్టె నా ఎదురుగా విప్పి, తేదీలు పుస్తకంలో రాసుకున్నాకే సంతకం పెడుతున్నాను. ఎవరైనా ఆ పుస్తకం అడిగి చూడొచ్చు.

లూజు కొన్న 35 మందిలో 31 మందికి డబ్బు ఇచ్చేశాను. నలుగురి ఫోన్ నంబర్లు నా దగ్గర లేవు. ఆకివీడు నుంచి నల్ల పమేరియన్‌తో వచ్చే అమ్మ, ఉండిలో చెరువు కాపలా ఉండే పెద్దాయన, కాలేజీ హాస్టల్ కుర్రాళ్లిద్దరు. మీకు తెలిసినవాళ్లయితే చెప్పండి. వాళ్ల డబ్బు గల్లాలో వేరే కవర్లలో పెట్టి ఉంచాను.