ఊరి గ్రూపులో వరుసలు ఏవీ?

సంపాదకుడు గారికి,

మాది సూర్యాపేట దగ్గర చిన్న పల్లె. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాక ఎల్బీనగర్‌లో పెద్దబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఊరితో నాకిప్పుడు రోజూ ఉన్న సంబంధం వాట్సాప్ గ్రూపే. హైదరాబాద్‌లో ఉంటున్న పల్లెటూరి వాళ్లలో ఇలాంటి గ్రూపు లేని వాళ్లు అరుదు.

దాని వల్ల మేలు లేదని అనను. ఒక యాసంగిలో కోతలు సాగుతుండగా, పక్క మండలానికి పనికి పోయినవాడొకడు ‘ఇక్కడ రాళ్లవాన పడుతోంది, మనవైపే వస్తోంది’ అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. కొనుగోలు కేంద్రం దగ్గరున్న వాళ్లు ఉరుకులు పరుగుల మీద వడ్ల కుప్పలన్నింటికీ పట్టాలు కప్పేశారు. తేమ 17 శాతం దాటితే కాంటా వెయ్యరు. ఆ ఒక్క మెసేజ్ విలువ ఎంతో వడ్లు ఆరబోసుకున్న వాళ్లనే అడగాలి.

చిక్కంతా వేరే చోట ఉంది. మా గ్రూపు మొదలైనప్పుడు 256 మందికే చోటుండేది. అది నిండగానే మిగిలిన వాళ్లు ఇంకో గ్రూపు పెట్టుకున్నారు. ఆ మిగిలిన వాళ్లంతా దాదాపు ఒకే వాడ వాళ్లు. 2022లో వాట్సాప్ ఆ పరిమితిని 1,024కు పెంచినా మా రెండు గ్రూపులు మాత్రం ఒకటి కాలేదు. ఊళ్లో రోజూ ఒకే హోటల్లో చాయ్ తాగేవాళ్లు ఫోన్‌లో మాత్రం రెండు ఊళ్లయ్యారు.

2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిశాక దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్లే ఉన్నారు కదా. నల్లా రాకపోయినా, స్తంభానికి బల్బు వెలగకపోయినా గ్రూపే రచ్చబండ అయింది. అప్పుడే ఒకసారి ‘నీళ్ల ట్యాంకు కడిగి చాలా రోజులైందట, ఎవరైనా చూడండి’ అని రాశాను. ‘సిటీలో ఏసీ కింద కూర్చొని మాకు సలహాలియ్యకు’ అని వెంటనే జవాబు. ఆ నంబరుకు ఫొటో బదులు ఓ సినిమా హీరో, పేరు బదులు సింహం బొమ్మ. (మా ఇంట్లో ఏసీ లేదు, అది వేరే సంగతి.) నేనూ ఊరుకోలేదు. మాటకు మాట పెరిగి రాత్రి పదకొండు దాకా నడిచింది.

దసరాకు ఊరెళ్లాను. బస్సు దిగుతుంటే ఒక కుర్రాడు ఎదురొచ్చి, ‘ఎప్పుడొచ్చినవ్ తాతా’ అంటూ చేతిలో సంచి అందుకొని ఇంటిదాకా మోశాడు. వాళ్ల నాయనమ్మ నాకు వరుసకు అక్క. సాయంత్రం ట్యాంకు మాట వచ్చినప్పుడు తెలిసింది, సింహం బొమ్మ వాడిదేనని. వాడు తల దించుకొని, ‘అది నువ్వా తాతా? నాకు నంబరే కనబడ్డది’ అన్నాడు.

ఊళ్లో ఏ కులం వాళ్లనైనా కాకా, బావా, పెద్దమ్మా అని వరుస పెట్టే పిలుస్తాం. ఆ పిలుపు నోట్లో ఉన్నప్పుడు తిట్టు అంత తొందరగా రాదు. గ్రూపులో ఆ పిలుపే లేకుండా పోయింది. అందుకే ఆ దసరాకే మా వాళ్లందరినీ ఒప్పించి, ఎవరికి వాళ్లం ఇంటిపేరు, తండ్రి పేరు రాసి గ్రూపులో పెట్టుకున్నాం. అప్పటి నుంచి గుడ్ మార్నింగ్ పూలబొమ్మలైతే ఆగలేదు గానీ బూతులు తగ్గాయి. 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికలప్పుడు మళ్లీ తలా ఒక గ్రూపు పుట్టింది, ఓడిన వాళ్లవి ఇప్పుడు మూగబోయాయి.

గ్రూపులో మనిషి ఎవరో తెలియడం ఎంత ముఖ్యమో పోలీసులకు ముందే తెలుసు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలంటూ వాట్సాప్‌లో పుకార్లు తిరిగినప్పుడు, గద్వాల ప్రాంతంలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గ్రామాలకు పోలీసులను కేటాయించి, వాళ్లను ఊరి గ్రూపుల్లో చేర్పించారు. దాంతోపాటు పాటలు, డప్పుతో ఊరూరా చెప్పించారు. ఫోన్ ఒక్కటే నమ్ముకోలేదు.

మా గ్రూపులో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. చాలా ఇళ్లలో ఫోన్ మగవాడి జేబులోనే ఉంటుంది. ముసలివాళ్లకు చదవడం రాదు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. మా ఊళ్లో అది ఎప్పుడు జరిగిందో అయిపోయాక ఫొటోలు చూస్తే గానీ తెలియడం లేదు. కొత్త సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు గ్రామసభ తేదీని మూడు రోజుల ముందే డప్పు కొట్టించి చెప్పించాలని నా మనవి. మా ఊళ్లో డప్పు కొట్టే పెద్దమనిషి ఇంకా ఉన్నాడు. ఆయన చాటింపునే రికార్డు చేసి రెండు గ్రూపుల్లోనూ పెడితే ఇక్కడ ఎల్బీనగర్‌లో నేనూ వింటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
ఎల్బీనగర్, హైదరాబాద్