సిమెంటు ఫ్యాక్టరీ పక్కన మన సంఘం: ఈ ఏడాది నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పద్దు నోటీసు బోర్డులో పెట్టేశాం. చందా బాకీ ఉన్నవాళ్ల పేర్లు మాత్రం పెట్టలేదు, వాళ్లకే తెలుసు కదా. ఈ నివేదికలో ఎక్కువ భాగం దుమ్ము గురించే, ఏడాదంతా మన పని అదే కాబట్టి.

నిజం చెప్పాలంటే మొదటి నాలుగు నెలలు వృథా చేశాం. పొగగొట్టం దూరం నుంచి కూడా కనిపిస్తుంది కాబట్టి తప్పంతా దానిదే అనుకుని అర్జీ మీద అర్జీ పెట్టాం, ప్రతిసారీ రీడింగులు పరిమితిలోనే ఉన్నాయన్న జవాబే వచ్చింది, మాకు ఒళ్లు మండింది. తీరా చూస్తే మేం అడగాల్సింది అది కాదు.

ఆ సంగతి మేడల మీద పెట్టిన స్టీలు పళ్లేల వల్ల తేలింది. వారానికోసారి వాటిలో పడిన దుమ్ము మీద కాసిన్ని నీళ్లు చల్లి రాత్రంతా వదిలేశాం. లారీల రోడ్డు వైపు పళ్లేల్లో తెల్లారేసరికి అది బిగుసుకుపోయి గోటితో గీకితే గానీ రాలేదు. సున్నపురాయి గని వైపు పళ్లేల్లోది తడిగుడ్డతో తుడిస్తే పోయింది. సున్నపురాయి పొడి నీళ్లు తగిలినా గట్టిపడదు, తయారైన సిమెంటు గట్టిపడుతుంది. ఇది ల్యాబ్ పరీక్షేమీ కాదు, కొలిమి నుంచి వచ్చే పొడి కూడా కొంత గట్టిపడొచ్చు. అయినా ప్యాకింగ్ దగ్గరా లారీల నుంచీ కారిన సిమెంటు టైర్ల కింద నలిగి మళ్లీ లేస్తోందని మాకు గట్టిగానే అనిపించింది. పొగగొట్టానికి మీటరు ఉంది, రోడ్డుకు లేదు.

అప్పటి నుంచి అడిగేది మార్చాం. లారీలకు టార్పాలిన్ వచ్చింది. గేటు దగ్గర చక్రాలు కడిగే తొట్టి కూడా వచ్చింది గానీ సగం రోజులు అందులో నీళ్లుండవు. రోడ్డు ఊడ్చే మెషిన్ ఇంకా ప్రపోజల్ దశలోనే ఉంది.

అలాగని పొగగొట్టం సాధువని కాదు. కొన్ని రాత్రులు ఉన్నట్టుండి బూడిదరంగు మబ్బు కమ్మేస్తుంది కదా, ఆ టైములన్నీ డైరీలో రాసి తీసుకెళ్లి చూపిస్తే అప్పుడు ఫ్యాక్టరీవాళ్లు చెప్పారు. ఈఎస్పీ అనే యంత్రం పొగలోని దుమ్మును కరెంటుతో లాగి పట్టుకుంటుంది, లోపల కార్బన్ మోనాక్సైడ్ అనే మండే వాయువు పెరిగితే ఆ కరెంటు రవ్వకే పేలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి దానంతటదే ట్రిప్ అవుతుంది. అది ఆగినంతసేపూ దుమ్మును సరిగా పట్టుకునేది లేదు, రోజు సగటులో ఆ కాసేపు ఎక్కడా కనిపించదు. ఇప్పుడు సగటు వద్దు, ట్రిప్ అయిన ప్రతిసారీ టైము ఇవ్వండని అడుగుతున్నాం. ఇంకా ఇవ్వలేదు.

గనిలో పేలుళ్ల సంగతి క్లుప్తంగా చెప్తాం. గోడ పగుళ్ల ఫోటోలు తేదీతో సహా తీసి పెట్టుకోండి. నేల అదురు సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లో కొలుస్తారు, ఆ కొలత మన ఇళ్ల దగ్గరే తీయమని అడిగాం.

ఒక సమావేశంలో కుర్రాళ్లు సోలార్ పెట్టేస్తే కాలుష్యం ఉండదు కదా అన్నారు. ఉంటుంది బాబూ. సున్నపురాయిని కాల్చితేనే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది, ఫ్యాక్టరీ నుంచి వచ్చే దానిలో సగానికి పైగా ఆ రాయిదే. కొలిమిలో సరుకు దాదాపు 1450 డిగ్రీల వరకు వేడెక్కితే గానీ క్లింకర్, అంటే పొడి చేస్తే సిమెంటయ్యే గట్టి ఉండలు, తయారవదు. ఫ్లై యాష్ (బొగ్గు కరెంటు ప్లాంట్ల బూడిద), స్లాగ్ (ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం) కలిపి క్లింకర్ తగ్గించడం ప్రస్తుతానికి చేతిలో ఉన్న ఒక ముఖ్యమైన దారి.

ఇక మన సభ్యుల్లో చాలామంది ఆ గేటు లోపలే పనిచేస్తున్నారు, అర్జీలంటే వాళ్లకు టెన్షన్, అది మాకు అర్థమైంది. అందుకే ఈసారి వాళ్ల కోసం విడిగా రెండు అడిగాం: ప్యాకింగ్‌లో మాస్కులు, కాంక్రీటు పనివాళ్లకు రబ్బరు బూట్లు. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, మొదట నొప్పి తెలియదు, సాయంత్రం బూటు విప్పాకే తెలుస్తుంది. మాస్కులు వచ్చాయి. బూట్ల మాట ఎత్తితే కాంట్రాక్టరును అడగమంటున్నారు, కాంట్రాక్టరేమో ఫ్యాక్టరీని అడగమంటున్నాడు.

వచ్చే ఏడాదికి గని వైపు ఇంకో రెండు మేడలు కావాలి. ఇవ్వగలిగినవాళ్లు కార్యదర్శికి చెప్పండి. పళ్లెం మేమే తెస్తాం, మీరు దాన్ని కడక్కుండా ఉంటే చాలు.