కోళ్ల నీళ్ల హీటర్ ప్లేటుపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

విషయం: నీళ్ల డబ్బా కింద పెట్టే మీ హీటర్ ప్లేటు ప్రమాదకరంగా ఉండటం గురించి.

నమస్కారం. చలికి కోళ్ల నీళ్లు గడ్డకట్టకుండా ఉండాలని మీ హీటర్ ప్లేటు కొన్నాను. బాక్సు మీద ‘కోళ్ల గూటికి పూర్తిగా సురక్షితం’ అని ఉంది. ఆ మాట నమ్మే తీసుకున్నాను. ఇప్పుడు భయమేసి దాన్ని గూట్లోంచి తీసేశాను.

ముందు వైరు సంగతి. ప్లేటులోంచి వైరు బయటికొచ్చే చోట పల్చటి రబ్బరు తొడుగు తప్ప ఇంకేమీ లేదు. అదీ సరిగ్గా కోడి ముక్కుకు అందే ఎత్తులో. కోడి కంటపడ్డ ప్రతిదాన్నీ పొడిచి చూస్తుంది. కోళ్ల కోసమే వస్తువు తయారుచేసే మీకు ఇది తెలియదంటే ఎలా? మా పెట్టలు పొడిచి పొడిచి ఆ రబ్బరు చీల్చేశాయి. లోపల రాగి తీగలు మెరుస్తూ బయటికి కనిపిస్తున్నాయి. తాగి తలెత్తినప్పుడు ముక్కు నుంచి కారే నీళ్లు పడేదీ అక్కడే. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఎర్త్ లీకేజ్ బ్రేకర్ ట్రిప్ అయి కరెంటు ఆగిపోయింది కాబట్టి సరిపోయింది. లేకపోతే కోళ్లకే కాదు, ప్లేటు మీద చెయ్యి వేసిన మనిషికీ షాకే. అలాంటి బ్రేకర్ ఉన్న లైనుకే కలపాలని మీ మాన్యువల్లో ఒక్క ముక్క లేదు.

రెండోది వేడిని అదుపుచేసే థర్మోస్టాట్. డబ్బాలో నీళ్లు అయిపోయినా ప్లేటు కాలుతూనే ఉంది. ప్లాస్టిక్ డబ్బా అడుగు మెత్తబడి వంగిపోయింది, గూడంతా కమురు వాసన. రేకు డబ్బానే వాడాలంటే ఆ మాట పెద్దక్షరాల్లో రాయాలి. మీరేమో బాక్సు మీద బొమ్మలో ప్లాస్టిక్ డబ్బానే చూపించారు.

ఫోన్ చేస్తే మీవాళ్లు ‘వైరు కనిపించకుండా గడ్డి కప్పండి’ అన్నారు. గూట్లో ఉండేదే ఎండుగడ్డి, రంపపు పొట్టు, ఈకల దుమ్ము. తెగిన వైరు మీద గడ్డి కప్పమని ఎవరైనా చెబుతారా? ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వకండి, దయచేసి.

నీళ్లు లేకపోతే కోడి మేత మానేస్తుంది, గుడ్లు ఆగిపోతాయి. గుడ్డులో దాదాపు ముప్పావు వంతు నీళ్లే కదా. పోనీ వెడల్పు గిన్నెలో పోద్దామంటే కోడి తల మీది ఎర్ర జుట్టూ గొంతు కింది తోలూ తడిసి, చలికి కమిలి నల్లబడతాయి. ప్రస్తుతానికి రెండు డబ్బాలు మార్చి మార్చి గోరువెచ్చటి నీళ్లు పెడుతున్నాను, రాత్రికి ఇంట్లోకి తెచ్చేస్తున్నాను. ఇంత తిప్పలు లేకుండా ఉండాలనే కదా మీ వస్తువు కొన్నది.

నా డబ్బు మొత్తం వాపసు ఇవ్వండి. వైరుకు లోహపు గొట్టం తొడిగి, నీళ్లు లేనప్పుడు దానంతట అదే ఆగేలా మార్చేవరకు ఈ మోడల్ అమ్మకం ఆపండి. ఇప్పటికే కొన్నవాళ్లందరికీ వెంటనే కబురు పెట్టండి. నా డబ్బు కన్నా నాకు ఇదే ముఖ్యం, ఎందుకంటే వాళ్ల గూళ్లలో ఈ ప్లేటు ఇప్పుడు కూడా ఆన్‌లోనే ఉండి ఉంటుంది.

బిల్లు, చీలిన వైరు, వంగిన డబ్బా ఫొటోలు జతచేశాను. ప్లేటు నా దగ్గరే ఉంది. పరీక్షకు కావాలంటే మీ ఖర్చుతో తెప్పించుకోండి.

ఇట్లు,
మీ కస్టమర్