బరోచ్చిని మర్చిపోయారు

మీ ఆదివారం పేజీలో ఇటలీ మత చిత్రకళ గురించి రాసింది చదివా, లియొనార్డో, మైకెలాంజెలో, రాఫెల్ దగ్గరే ఆపేశారు, అదే రాఫెల్ ఊరు ఉర్బినోలో పుట్టిన చిత్రకారుడు ఫెడెరికో బరోచ్చి పేరు ఒక్క లైన్లో కూడా లేకపోవడం చాలా బాధ అనిపించింది. రోమ్‌లో పని చేసేటప్పుడు గిట్టనివాళ్ళు విషం పెట్టారని చెప్తారు, అది నిజమో కాదో గానీ ఆరోగ్యం పూర్తిగా పాడై సొంతూరికి వచ్చేశాడు, ఆ తర్వాత 1612లో పోయేదాకా రోజుకి కాసేపే బ్రష్ పట్టుకోగలిగేవాడు, అయినా నిజం మనుషుల్ని నిలబెట్టి గీసుకున్న స్కెచ్‌లు ఇప్పటికీ 1500కి పైగా మిగిలున్నాయి. లండన్ నేషనల్ గ్యాలరీలో ఆయన పిల్లి బొమ్మ చూశా, మరియమ్మ ఒళ్ళో బాల యేసు పాలు తాగుతుంటే పక్కన ఆయన బంధువు బుల్లి యోహాను చిన్న పిట్టని పిల్లికి అందకుండా పైకెత్తి పట్టుకుంటాడు, పిల్లి తల పైకెత్తి దాన్నే చూస్తుంటుంది, అచ్చం మనింట్లో మధ్యాహ్నం లాగే ఉంటుంది. రోమ్‌లో కియేజా నువోవా చర్చిలో మరియమ్మ, యోహాను తల్లి ఎలీసబెతు కలుసుకునే ఆయన బొమ్మలో కూడా అంతే, గడ్డి టోపీ పెట్టుకున్న పనిమనిషి బుట్టలో కోళ్ళు పట్టుకొస్తుంది, ఆ బొమ్మ ముందే ఫిలిప్ నేరి అనే సెయింట్ గంటలు గంటలు కూర్చునేవాడట. దయచేసి వచ్చే నెలలో ఒక ఆదివారం అరపేజీ ఈయనకి ఇవ్వండి, బొమ్మ పక్కనే దానికి గీసిన స్కెచ్ కూడా వేయండి, అదీ కలర్‌లో, ఎందుకంటే ఆయన వేసిన గులాబీ రంగులు నలుపు తెలుపులో అస్సలు కనపడవు.