మా ఇంటికి రాని త్రిసభ్య కమిటీ: తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మా బాపు కౌలుకు పత్తి పెట్టేవాడు. 2021 నవంబర్‌లో అప్పుల బాధతో ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి పత్తి మొదటి ఏరివేత కూడా పూర్తి కాలేదు.

2015 సెప్టెంబర్‌లో వచ్చిన జీవో 194 ప్రకారం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 6 లక్షలు ఇవ్వాలి. అందులో 5 లక్షలు కుటుంబానికి, లక్ష అప్పుల సర్దుబాటుకు. ముందు మండలంలో తహసీల్దార్, ఎస్సై, మండల వ్యవసాయాధికారి విచారించాలి, ఈ ముగ్గురినే త్రిసభ్య కమిటీ అంటారు. ఆ తర్వాత ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకులు కలిసి తేల్చాలి. ఇదంతా నాకు మొదట్లో తెలియదు. ఆఫీసుల చుట్టూ తిరుగుతూ నేర్చుకున్నాను. సోమవారం ప్రజావాణిలో అర్జీ పెడితే రసీదు ఇస్తారు. అట్లాంటి రసీదులు మా అమ్మ దగ్గర తొమ్మిది ఉన్నాయి. వాటిని బియ్యం డబ్బా మీద పాత బ్యాగులో దాచింది. ఎప్పుడు వెళ్లినా 'ఫైలు పైకి పోయింది' అంటారు. ఆ పైన ఎవరుంటారో మాకింకా తెలియలేదు.

చివరికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే విచారణ నివేదిక కాపీ చేతికొచ్చింది. 'గ్రామంలో విచారించగా మృతుని పేరిట భూమి లేదు, రైతుగా నిర్ధారణ కాలేదు' అని రాసి ఉంది. కింద మూడు సంతకాలు. అందులో వేసిన తేదీ నాకు బాగా గుర్తు. అది మా బాపు పెద్దకర్మ రోజు. మా వాకిట్లో టెంటు వేసి ఉంది, ఊళ్లో సగం మంది అక్కడే కూర్చున్నారు. ఏ జీపూ రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. మరి ఎవరిని విచారించారు సార్?

భూమి లేదన్న మాట నిజమే. అందుకే ఆయన కౌలు చేశాడు. పాస్‌బుక్ లేదు కాబట్టి రైతు బీమా 5 లక్షలు కూడా మాకు రాలేదు, అది పట్టాదారులకే. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారుల కోసం చట్టం చేసి రుణ అర్హత కార్డులన్నారు. మా బాపుకు ఆ కార్డు ఎన్నడూ రాలేదు. కాగితం మీద రాసిస్తే రేపు హక్కు అడుగుతారేమోనని భూమి ఆసామికి భయం. ఆయన్ను కూడా నేను పూర్తిగా తప్పు పట్టలేను. కానీ ఆయన రాయకపోతే మా బాపు రైతు కాకుండా పోతాడా?

మా బాపు చొక్కా జేబులో చిన్న నోట్‌బుక్ ఉండేది, వానకు తడవకుండా పాలిథిన్ కవర్ చుట్టి. అందులో అన్నీ ఉన్నాయి. ఐదెకరాలు, ఎకరాకు 12 వేల కౌలు, ఉగాదికి ముందే కట్టినట్టు. విత్తనాల దగ్గర 'రెండోసారి' అని రాసి కింద గీత గీశాడు. మొదటిసారి వేసినవి వాన లేక మొలవలేదు. డీఏపీ బస్తాలు, ఏరివేత కూలీ, నూటికి మూడు రూపాయల మిత్తి. చివరి పేజీలో కూడికలు ఉన్నాయి, ఒక్కటీ పూర్తి చేయలేదు. రైతు కానివాడు ఇవన్నీ ఎందుకు రాసుకుంటాడు?

మా ఫైలు మళ్లీ తెరిపించండి. కమిటీని ఈసారి నిజంగానే ఊరికి పంపండి. పక్క చెలక వాళ్లను, ఎరువుల దుకాణం ఆయన్ను, ఏరివేతకు వచ్చిన ఆడవాళ్లను గ్రామ పంచాయతీ దగ్గర కూర్చోబెట్టి అందరి ముందు అడగమనండి. వాళ్లు చెప్పింది రాసుకుని మాకో కాపీ ఇవ్వమనండి. కౌలు రైతుల విషయంలో పాస్‌బుక్ అడగడం ఆపమని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. దానికి మీ సంతకం చాలు. గడువు దాటిందని మాత్రం అనొద్దు, మేం మొదటి అర్జీ పెట్టింది నెల తిరగకముందే.

నోట్‌బుక్ జిరాక్స్ ఈ లేఖకు జత చేస్తున్నాను. ఒరిజినల్ ఇవ్వడానికి అమ్మ ఒప్పుకోవడం లేదు. ఇంతకుముందు ఇచ్చిన ఎఫ్ఐఆర్ కాపీ ఆఫీసులో పోయిందన్నారు మరి. చూడాలంటే అధికారులు మా ఇంటికే రావాలి. అమ్మ పొద్దున పనికి పోతుంది, సాయంత్రం ఐదు దాటితే ఇంట్లోనే ఉంటుంది.

ఇట్లు,
ఒక కౌలు రైతు కూతురు
ఉమ్మడి వరంగల్ జిల్లా